కేబినెట్ హోదాలో టెన్నిస్

ఇంటి స్థలం ఇవ్వాలంటే ఎక్కడో ఒకచోట స్థలం ఉండాలి. నగదు బహుమతి ఇవ్వాలంటే ఖజానా తలుపు తెరవాలి. ఉద్యోగం ఇవ్వాలంటే ఖాళీ చూపించాలి. ఇవేవీ లేకపోయినా మనిషిని ఆకాశానికెత్తే సాధనం ప్రభుత్వం దగ్గర ఒకటుంది. దాన్ని కేబినెట్ హోదా అంటారు. ఒక తెల్లకాగితం, దాని కింద ఒక సంతకం ఉంటే చాలు.

నా పేరు నరహరి. సచివాలయంలో ప్రోటోకాల్ విభాగానికి సెక్షన్ ఆఫీసర్ని. ఎవరి వెనక ఎవరు నడవాలి, ఎవరి కుర్చీకి తెల్ల తువ్వాలు వెయ్యాలి, ఎవరికి శాలువా కప్పాక ఎవరికి కప్పాలి అన్నవి మా విభాగం తేల్చే సంగతులు. ఇదంతా పనీ పాటా లేని వ్యవహారమని బయట చాలామంది అనుకుంటారు. అలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తువ్వాలు మారినందుకు అలిగి పార్టీ మారినవాళ్లని నా కళ్లతో చూశాను.

ఇప్పుడు చెప్పబోయేది టెన్నిస్ ఆడే గొర్లె ఉజ్వల గురించి. గౌరవనీయులైన గొర్లె ఉజ్వల గారి గురించి అనాలి. కానీ హోదా రాకముందు సంగతులకి 'గారు' తగిలించడం నియమాలకి విరుద్ధం. కాబట్టి అంతవరకూ ఉజ్వల అనే అంటాను.

ఉజ్వలది విజయనగరం. అక్కడ ఒక క్లబ్బులో ఆమె మేనమామ అప్పలస్వామి టెన్నిస్ కోర్టు చూసుకునేవాడు. నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేసేవాడు. పెద్దమనుషులు ఆడుకుని వెళ్లాక మేనకోడలికి ఆట నేర్పాడు. ఆ పిల్ల ఆ మట్టి కోర్టు మీద ఆడి ఆడి, చివరికి టర్కీలో ఒక అంతర్జాతీయ పోటీ గెలిచి వచ్చింది. విమానం దిగేసరికి క్రేనుకి వేలాడే గజమాల సిద్ధంగా ఉంది.

సన్మాన సభలో క్రీడా మంత్రి గారు మైకు పట్టుకుని, "ఏం కావాలో కోరుకో తల్లీ! ప్రభుత్వం నీ వెనకాలే ఉంది" అన్నారు. ఇలాంటప్పుడు 'మీ ఆశీస్సులు చాలు' అనడం పద్ధతి. ఆ పద్ధతి ఉజ్వలకి తెలియదు.

"మా ఊళ్లో ఒక మంచి కోర్టు వేయించండి సార్. ఇప్పుడున్నదానికి నెర్రెలు వొచ్చీసాయి. బంతి ఎటు పడితే అటెగిరిపోతంది" అంది.

మంత్రి గారు ఆర్థిక శాఖ అధికారి వైపు చూశారు. ఆయన పైకప్పు వైపు చూశాడు. మంత్రి గారు ఆరితేరిన మనిషి. వెంటనే మైకు దగ్గరికి లాక్కుని, "ఇంత గొప్ప బిడ్డకి ఒక్క కోర్టిచ్చి చేతులు దులుపుకుంటామా? కేబినెట్ హోదా ఇస్తున్నాం!" అన్నారు. చప్పట్లతో షామియానా ఎగిరిపోతుందేమో అనిపించింది. మర్నాడే ఆ జీవో నా టేబుల్ మీదుగా వెళ్లింది. చెప్పొద్దూ, నా కళ్లు చెమర్చాయి.

హోదా అంటే మాటలు కాదు. ముందు పైలట్ వాహనం, దాని మీద సైరను, వెనకాల ఎస్కార్టు, చుట్టూ నలుగురు గన్‌మెన్. మేనమామ అప్పలస్వామిని ఓఎస్డీ, అంటే ప్రత్యేకాధికారిగా నియమించాం. ఆయన ఆ రోజుతో రోలరు వదిలేసి సఫారీ సూటు కుట్టించుకున్నాడు. పాలప్యాకెట్టుకి కూడా సైరను వేసుకుని వెళ్తున్నాడని ఫిర్యాదులొచ్చాయి. నేను పట్టించుకోలేదు. సైరను వెయ్యకపోతే హోదా ఉన్నట్టు పాలబూత్ వాడికి ఎలా తెలుస్తుంది?

ప్రాక్టీసు దగ్గర చిన్న చిక్కొచ్చింది. అప్పలస్వామి అలవాటు కొద్దీ బుట్టలోంచి బంతి తీసి మేనకోడలి వైపు కొట్టాడు. ఇద్దరు గన్‌మెన్ ఒక్క ఉదుటున ఉజ్వల గారి మీద పడి ఆవిడని నేలకి అదిమేశారు. మిగతా ఇద్దరూ అప్పలస్వామి రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఇందులో గన్‌మెన్ తప్పేమీ లేదు. గౌరవనీయుల మీదికి ఎవరైనా ఏదైనా విసిరితే ఏం చెయ్యాలో భద్రతా నియమావళిలో ఉంది. టెన్నిస్‌కి మినహాయింపు లేదు. ఆ తర్వాత నుంచి ఉజ్వల గారు ఒంటరిగా గోడకి కొట్టుకుంటూ ప్రాక్టీసు చేశారు. బంతి తిరిగొచ్చిన ప్రతిసారీ గన్‌మెన్ గోడ వైపు అనుమానంగా చూసేవారు.

అసలు ఇబ్బంది ప్రయాణాల దగ్గర వచ్చింది. టెన్నిస్ వాళ్ల బతుకంతా ఊళ్లు తిరగడమే. ఈ వారం థాయిలాండ్ అయితే వచ్చే వారం ట్యునీషియా. గెలిచిన కొద్దీ పాయింట్లు వస్తాయి. ఏడాది తిరిగేసరికి పాతవి చెల్లిపోతాయి, కొత్తవి సంపాదించుకోవాలి. ఆ పాయింట్లను బట్టే పెద్ద పోటీల్లో చోటు దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో జరిగే పెద్ద పోటీలో ఒక్కసారైనా ఆడాలన్నది ఉజ్వల గారి చిన్ననాటి కోరిక. హోదా వచ్చేనాటికి ఆవిడ ఆ గుమ్మం దాకా వచ్చేశారు.

అయితే కేబినెట్ హోదా గలవారు బ్యాగు తగిలించుకుని విమానం ఎక్కడానికి వీల్లేదు. రాష్ట్రం అనుమతించాలి, ఆ పైన కేంద్రం అనుమతించాలి. థాయిలాండ్ ఫైలు మీద ఆర్థిక శాఖ, "సదరు పర్యటన వలన రాష్ట్రమునకు రాగల పెట్టుబడులు ఎంత?" అని అడిగింది. పెట్టుబడులేమీ రావు, గెలిస్తే పాయింట్లు వస్తాయని ఉజ్వల గారు రాసిచ్చారు. "పాయింట్లను రూపాయలలో చూపవలెను" అని ఫైలు వెనక్కి వచ్చింది. అనుమతి చేతికందేసరికి థాయిలాండ్ కప్పు ఇంకెవరో పట్టుకుని ఇంటికి వెళ్లిపోయారు. ట్యునీషియా సంగతీ అంతే. మేం అనుమతులు ఇవ్వలేదని మాత్రం ఎవరూ అనడానికి లేదు. అడిగిన ప్రతి అనుమతీ ఇచ్చాం. పోటీలే కాస్త తొందరపడ్డాయి.

అలా ఆవిడ పాయింట్లన్నీ ఎండలో పెట్టిన మంచుగడ్డలా కరిగిపోయాయి. ఇక ఒకే ఒక్క దారి మిగిలింది. మన రాజధానిలోనే ఒక అంతర్జాతీయ పోటీ జరగబోతోంది. అది గెలిస్తే ఆస్ట్రేలియాలో చోటు దొరుకుతుంది. ఓడితే మళ్లీ అట్టడుగు నుంచి మొదలుపెట్టుకోవాలి.

గౌరవనీయులు స్వయంగా ఆడే పోటీ కాబట్టి ముఖ్య కార్యదర్శి జనార్దనమూర్తి గారు సమన్వయ సమావేశం పెట్టారు. జీడిపప్పు, బిస్కెట్లు వచ్చాక చర్చ మొదలైంది.

"అంపైర్ అనే వ్యక్తి ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగారు మూర్తి గారు.

"నిచ్చెన లాంటి ఎత్తు కుర్చీలో సర్" అన్నారు క్రీడల డైరెక్టరు గారు.

"గౌరవనీయులు?"

"కింద సర్. నిలబడి."

మూర్తి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే ఒక ప్రైవేటు వ్యక్తి పైన ఆసీనుడై ఉండగా, కేబినెట్ హోదా గలవారు ఆయన కాళ్ల దగ్గర నిలబడి చెమటలు కక్కుతారన్నమాట! రికార్డు చెయ్యండి నరహరి గారూ. అంపైర్‌కి చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ. తువ్వాలు వద్దు."

రికార్డు చేశాను.

"ఇంకొకటి సర్" అన్నారు డైరెక్టరు గారు నసుగుతూ. "మధ్య మధ్యలో ఆటగాళ్లు కోర్టులో ఈ వైపు వాళ్లు ఆ వైపుకి, ఆ వైపు వాళ్లు ఈ వైపుకి మారతారు."

"గౌరవనీయులకు ఒక స్థానం కేటాయించాక కదల్చడం అమర్యాద. ప్రత్యర్థి ఒక్కరే మారాలి."

"అప్పుడు ఇద్దరూ ఒకే వైపు ఉంటారు సర్."

"అది సాంకేతిక అంశం. మీ శాఖ స్థాయిలో పరిష్కరించుకోండి."

చివరికి నేనే కల్పించుకుని, వైపు మారేటప్పుడు ఎర్ర తివాచీ పరిచి, గౌరవనీయులను సాదరంగా తోడ్కొని వెళ్లవచ్చని మధ్యేమార్గం చూపించాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

భద్రతా విభాగం డీఎస్పీ గారు గొంతు సవరించుకున్నారు. "మా కోణంలో చూస్తే సర్, అవతలి అమ్మాయి చేసేదేమిటి? గౌరవనీయుల మీదికి గంటకి నూట యాభై కిలోమీటర్ల వేగంతో ఒక వస్తువు ప్రయోగించడం. పైగా ఆ వస్తువు లోపల బోలుగా ఉంటుంది. బోలు వస్తువు ఏదైనా సరే, తనిఖీ తప్పనిసరి."

ప్రతి బంతినీ పోలీసు కుక్క వాసన చూశాకే ఆటలోకి వదలాలని తీర్మానం అయింది. ఇక బంతి గీత దాటినప్పుడు అంపైర్ 'అవుట్' అని అరుస్తాడని తెలిసి మూర్తి గారు బాగా నొచ్చుకున్నారు. దానికి ప్రత్యామ్నాయ వాక్యం తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. "గౌరవనీయులు అనుగ్రహించిన బంతి గీతను స్వల్పముగా అతిక్రమించినట్లు సవినయముగా మనవి చేయుచున్నాను" అని రాశాను. 'స్వల్పముగా' అన్న మాట చూసి మూర్తి గారు నా భుజం తట్టారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఎవరి భుజమూ తట్టినట్టు వినలేదు.

మొదటి రౌండులో ఉజ్వల గారి మీద ఆడబోయేది అనంతపురం అమ్మాయి తలారి జ్యోత్స్న అని తేలింది. ఆ అమ్మాయి రాష్ట్ర పశుగ్రాస కార్పొరేషన్‌లో క్రీడా కోటా కింద జూనియర్ అసిస్టెంటు. ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదు, అంటే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. విషయం తెలియగానే కార్పొరేషన్ ఎండీ గారు మెమో ఇచ్చారు. "సదరు ఉద్యోగిని మైదానమునందు గౌరవనీయుల పట్ల అవిధేయత కనబరచినచో, ప్రొబేషన్ విషయమై తగు నిర్ణయము తీసుకొనబడును." ఆయన ముందుచూపుకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

పోటీకి ముందు ఉజ్వల గారు మేనమామని వెంటబెట్టుకుని సచివాలయానికి వచ్చారు. మూర్తి గారి గదిలో కూర్చోబెట్టి, తువ్వాలు సరిచేసి, నేను పక్కన నిలబడ్డాను.

"సార్, ఈ హోదా నాకొద్దు. తీసీండి" అన్నారు ఆవిడ, మంచినీళ్లు కూడా ముట్టకుండా. "నన్ను ఎవుళ్లూ ఆడనీడం లేదు సార్. బంతి నా ఏపు వస్తే చాలు, నా మీద పడిపోతన్నారు. ఏడాదైంది నేను మనిషితో ఆడి."

అప్పలస్వామి తలపట్టుకున్నాడు. "ఓలమ్మీ, నీకేటి మతిపోయిందా? సైరనేసుకుని మనం ఎల్తంటే వీధి వీధంతా బయటికొచ్చి సూస్తంది. క్లబ్బు సెక్రటరీ నాకు కుర్సీ ఏసినాడే! నన్ను పేరెట్టి పిలిచిన మనిషి కాదు ఆడు, ఒరే అనీవోడు!"

"నీకు కుర్చీ వొచ్చింది మావయ్యా. నా ఆట పోయింది" అన్నారు ఉజ్వల గారు.

మూర్తి గారు మెత్తగా నవ్వారు. "మేడమ్, పదవికి రాజీనామా ఉంటుంది. గౌరవానికి ఉండదు. ఇచ్చినవారే ఉపసంహరించాలి."

"ఎప్పుడు తీస్తారు సార్?"

"నా అనుభవంలో చెప్తున్నాను. గెలిచినవారి దగ్గర నుంచి ఏ ప్రభుత్వమూ హోదా వెనక్కి తీసుకోదు. ఓడినవారి దగ్గర ఒక్క రోజు కూడా ఉంచదు. రేపు మొదటి రౌండులోనే మీరు ఓడిపోయారనుకోండి, ఎవరూ అడగకుండానే ఫైలు కదులుతుంది." ఆయన ఇది సరదాగా అన్నారు. ఆవిడ సరదాగా తీసుకోలేదు.

"ఓడిపోతే ఆస్ట్రేలియా పోతాది. గెలిస్తే ఆటే పోతాది" అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు. లేచి నిలబడ్డారు. "ఆడి ఓడిపోవడం నాకలవాటే సార్. ఓడిపోవాలని ఆడటం ఎప్పుడూ రాలేదు. నేర్చుకోవాలి."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. హోదా మీద గౌరవం వల్లే అనుకున్నాను.

పోటీ రోజున ఏర్పాట్లన్నీ ఘనంగా చేశాం. మంత్రి గారికి సోఫా వేశాం. కానీ అంతర్జాతీయ టెన్నిస్ సంఘం పంపిన ఇల్డా అనే పోర్చుగీసు పర్యవేక్షకురాలు వస్తూనే ప్లాస్టిక్ కుర్చీ తీయించి, ఎత్తు కుర్చీ వేయించింది. నేను అడ్డం పడ్డాను. హోదా అంటే ఏమిటో, జీవో అంటే ఏమిటో ఇంగ్లీషులో విడమరిచి చెప్పాను. "అదంతా సరే, ఆ అమ్మాయి ఆడుతుందా, ఆడదా?" అని అడిగింది. అలాంటి మనుషులకి ఎక్కడ నుంచి మొదలుపెట్టి చెప్తాం? పోలీసు కుక్క విషయంలో మాత్రం ఆవిడ ఏమీ అనలేకపోయింది. కుక్క అప్పటికే ఒక కొత్త బంతి నోట కరుచుకుని మంత్రి గారి సోఫా కిందికి దూరింది. దాన్ని బయటికి లాగడానికి ఒక ఎస్సై లోపలికి దూరాడు.

ఆట మొదలైంది. ముందు ఉజ్వల గారు సర్వీసు చేశారు. బంతి వలకి తగిలింది. సర్వీసుకి రెండు అవకాశాలుంటాయి. రెండోదీ వలకే తగిలింది. అలా వరసగా కొట్టి, గేమంతా అవతలి అమ్మాయికి అప్పగించేశారు. వైపు మారడానికి తివాచీ పరిచాం. తర్వాత జ్యోత్స్న సర్వీసు. మొదటి బంతి స్టేడియం కప్పుకి తగిలింది. రెండోది నా పక్కనున్న విలేకరి టీ గ్లాసులో పడింది. ఆ గేము ఉజ్వల గారి ఖాతాలోకి వచ్చింది. మంత్రి గారు సోఫాలోంచి ముందుకి వంగి, "హోరాహోరీ!" అన్నారు. వెనకాల ఉన్న అధికారులందరూ హోరాహోరీ అన్నారు.

ఆట అలాగే సాగింది. ఒకరు బంతిని వలలోకి కొడితే రెండోవారు గోడకి కొట్టారు. ప్రతి తప్పుకీ అంపైర్ నా వాక్యం మొదలుపెట్టి, 'మనవి చేయుచున్నాను' దగ్గరికి వచ్చేసరికి ఇంకో తప్పు జరిగిపోయేది. పాపం, ఆయన ఎప్పుడూ ఒక బంతి వెనకబడే ఉన్నాడు.

మరోసారి వైపు మారుతున్నప్పుడు తివాచీ మడత సరిచెయ్యడానికి నేను వల దగ్గర వంగి ఉన్నాను. ఇద్దరి మాటలూ చెవిన పడ్డాయి.

"అక్కా, నీకు దండం పెడ్తానక్కా. గెలుచుకోక్కా" అంటోంది జ్యోత్స్న. "నేను గెలిస్తే నా ఉద్యోగం యాడుంటాది? మా నాయన నా జీతం మిందనే ఉండాడు. ఎండీ సారు మెమో ఇచ్చినాడు."

"నువ్వే గెలవాలి చెల్లీ" అన్నారు ఉజ్వల గారు. "నువ్వు గెలిస్తే నన్ను ఒగ్గేస్తారు. దేశాలెంబడి పోయి ఆడుకుంటాను. నాకింకేటీ వొద్దు."

"అట్లనొద్దక్కా, నా వల్ల కాదు!"

ఎంత వినయం! ఇద్దరు క్రీడాకారిణులు ఒకరి గెలుపు ఇంకొకరు కోరుకోవడం నేను ఎక్కడా చూడలేదు. మా సమావేశం తీర్మానాలు ఇంతగా ఫలిస్తాయని మూర్తి గారు కూడా ఊహించి ఉండరు.

అప్పుడొక సంఘటన జరిగింది. జ్యోత్స్న బయటికి కొట్టబోయిన సర్వీసు చెయ్యి జారి గీత లోపల పడింది. ఉజ్వల గారు తప్పుకోవాల్సింది. కానీ బంతి ఎదురుగా వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగలేదు. తిప్పి కొట్టారు. జ్యోత్స్న కూడా ఆలోచించలేదు, పరుగెత్తి అందుకుంది. ఇక అంతే. బంతి అటూ ఇటూ వల మీంచి దూసుకుపోతోంది. ఒకరు మూలకి కొడితే ఒకరు జారుతూ వెళ్లి లేపారు. బూట్లు నేలకి రాసుకుని కీచుమంటున్నాయి. ఒక్కో దెబ్బకీ ఉజ్వల గొంతులోంచి ఒక కేక వస్తోంది. ఏడాదిగా గోడతో ఆడిన పిల్లకి మనిషి దొరికింది. మొహం వెలిగిపోతోంది. నాకు టెన్నిస్ తెలియదు. అయినా నా గుండె దడదడలాడింది. చివరికి ఉజ్వల వెనక్కి వంగి కొట్టిన బంతి సరిగ్గా గీత మీద పడి మెరుపులా వెళ్లిపోయింది. నేను ఎగిరి లేచి నిలబడ్డాను. మంత్రి గారు ఇంకా కూర్చునే ఉన్నారు. ఆయన కంటే ముందు నేను లేవడం అదే మొదలు, ఇకపై జరగదు.

ఉజ్వల గారు చెయ్యి పైకెత్తి నవ్వారు. జ్యోత్స్న కూడా నవ్వింది. మరుక్షణం ఇద్దరికీ తాము ఎక్కడున్నారో గుర్తొచ్చింది. ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. "బంతి బయట పడింది" అన్నారు గెలిచిన ఉజ్వల గారు. "లేదు, లోపలే పడింది" అంది ఓడిన జ్యోత్స్న, ఏడుపు గొంతుతో. అంపైర్ ఎవరికి సవినయంగా మనవి చెయ్యాలో తెలియక తల దించుకున్నాడు.

ఇల్డా గారు కోర్టులోకి నడిచి వచ్చి ఆట ఆపేశారు. ఇద్దరికీ ఆట వచ్చునని ఇప్పుడే రుజువైందనీ, వచ్చి కూడా గెలవడానికి ప్రయత్నించనివాళ్లకి టెన్నిస్‌లో చోటు లేదనీ చెప్పి ఇద్దర్నీ బయటికి పంపారు. కొద్ది రోజుల్లోనే ఏడాదిన్నర నిషేధం వచ్చిపడింది.

ప్రభుత్వం ఊరుకుంటుందా? కేబినెట్ హోదా గలవారిని నిషేధించడమంటే రాష్ట్ర మంత్రివర్గాన్ని నిషేధించడమే అని శాసనసభలో తీర్మానం చేశారు. ఆ అంతర్జాతీయ సంఘానికి మన రాష్ట్రంలో గుర్తింపు రద్దు చేశారు. దాని బదులు 'విశ్వ సమగ్ర టెన్నిస్ ప్రాధికార సంస్థ' పెట్టి, మా విభాగం పక్క గదిలోనే బోర్డు కట్టారు. ప్రస్తుతానికి అందులో సభ్యత్వం మన రాష్ట్రానికి మాత్రమే ఉంది. మిగతా దేశాలకి ఆహ్వానాలు పంపాం, జవాబు రావాలి. సంస్థ తొలి సమావేశంలోనే ఉజ్వల గారిని శాశ్వత ప్రపంచ ప్రథమ స్థానంలో నిలబెట్టారు. గౌరవనీయుల మీద ఆడాల్సినవారికి సమాన హోదా ఉండాలి కాబట్టి జ్యోత్స్న గారికి కూడా కేబినెట్ హోదా, ప్రపంచ ద్వితీయ స్థానం ఇచ్చారు. ఆవిడ ప్రొబేషన్ మాత్రం ఇంకా డిక్లేర్ కాలేదు. హోదా వేరు, ప్రొబేషన్ వేరు.

ఇక్కడితో అందరూ సంతోషించాల్సిన మాట. కానీ నిషేధం మీద అప్పీలు చేసుకోవచ్చని ఇల్డా గారు ఉజ్వల గారికి ఫోన్ చేసి చెప్పారట. లండన్ వెళ్లి, జరిగింది జరిగినట్టు తన నోటితో చెప్తే ఎత్తేస్తారట. ఆస్ట్రేలియాలో ఈసారి కాకపోతే వచ్చేసారి ఆడొచ్చట. ప్రయాణానికి అనుమతి కోరుతూ ఉజ్వల గారు పంపిన దరఖాస్తు నా దగ్గరికి వచ్చింది.

చాలా ఆలోచించాను. ఆ పిల్ల కోర్టులో నవ్విన నవ్వు కళ్లముందు మెదిలింది. ఆవిడ గౌరవాన్ని కాపాడాల్సింది నేను కాకపోతే ఇంకెవరు? "శాశ్వత ప్రపంచ ప్రథమ స్థానములో ఉన్న గౌరవనీయులు, ఈ ప్రభుత్వము గుర్తించని సంస్థ ఎదుట నిలబడి సంజాయిషీ ఇచ్చుకొనుట హోదాకు భంగకరము. కావున అనుమతి సిఫారసు చేయుటకు వీలుపడదు" అని రాసి పైకి పంపాను. అన్ని సంతకాలూ ఆ రోజే పడ్డాయి. మా కార్యాలయంలో ఏ ఫైలూ అంత వేగంగా కదల్లేదు.

ఉజ్వల గారు స్వయంగా నా గదికి వచ్చారు. గన్‌మెన్ గుమ్మం దగ్గర ఆగారు.

"ఆ ముక్కలు మీరే రాసినారా సార్?"

"నేనే మేడమ్. మీ మర్యాద కోసమే."

"నాకు ఇరవై నాలుగేళ్లు సార్. కాళ్లలో సత్తువ ఇంకెన్నాళ్లుంటాది? ఇప్పుడు ఎల్లకపోతే నేనింకెప్పుడూ ఆడలేను." ఆవిడ బతిమాలుతున్నట్టు లేదు, కోప్పడుతున్నట్టూ లేదు. అలిసిపోయినట్టు ఉంది.

"మీకింకా అర్థం కాలేదు మేడమ్" అన్నాను ఆప్యాయంగా. "శాశ్వత ప్రథమ స్థానం అంటే మీరింక జన్మలో ఓడిపోరు."

"ఎవుళ్లతో ఆడి సార్?"

"ఎవరితోనూ ఆడక్కర్లేదు. అదే కదా అందులో గొప్పతనం!"

ఆవిడ భుజానికున్న సంచి జిప్పు తీసి, లోపలి నుంచి రాకెట్ తీసి నా టేబుల్ మీద, ఫైళ్ల పక్కన పెట్టారు. పట్టుకునేచోట గుడ్డపట్టీ చెమటకి నల్లబడి ఉంది.

"ఇంక దీంతో నాకేటి పని సార్? మీ కాడే ఉంచండి."

అదే సమయానికి మా అటెండరు సింహాచలం టీలు పట్టుకుని వచ్చాడు. టేబుల్ మీద రాకెట్ చూసి వాడి మొహం విప్పారింది. "హమ్మయ్య, దోమల బ్యాటు తెప్పించారా సార్! ఈ గదిలో సాయంత్రమైతే కాళ్లు పీకీస్తన్నాయి" అంటూ దాన్ని అందుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, పిడి కింద వేలు పెట్టి వెతికాడు. "దీనికి ఛార్జింగ్ ఎక్కడ పెడతారు సార్?"

ఉజ్వల గారు నవ్వారు. ముందు చిన్నగా, తర్వాత పెద్దగా, కుర్చీ పట్టుకుని వంగిపోయి, కళ్లలోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చేదాకా నవ్వారు. గన్‌మెన్ కంగారుగా లోపలికి తొంగి చూశారు. ఆవిడ చున్నీతో మొహం తుడుచుకుని వెళ్లిపోయారు. కింద సైరను మోగింది.

ఏడాదిన్నరగా ఆవిడ ఆఫీసులో నవ్వగా నేను చూడలేదు. నా మనసు కుదుటపడింది. ఫైలు ముందుకి లాక్కుని, చివరి పేజీలో, నా సంతకానికి పైన ఉన్న ఖాళీలో రాశాను: "గౌరవనీయులు స్వయముగా విచ్చేసి, విషయము విని, పూర్తి సంతృప్తి వ్యక్తపరచినారు. ఫైలు మూసివేయవచ్చును."